రేడియేటర్ మార్చే ముందు ఈ పెట్టె తెరవండి: కూలింగ్ ప్రెషర్ టెస్టర్ కిట్ రివ్యూ

పాత కారు హీటెక్కుతోందని గ్యారేజీలో చెప్పగానే ఎక్కువగా వినిపించే మాట "రేడియేటర్ పోయింది సార్, మార్చేద్దాం". అది మార్చాక కూడా టెంపరేచర్ ముల్లు పైకే వెళ్తుంటే తర్వాతి మాట "హెడ్ దించాలి", అంటే ఇంజన్ పై భాగం విప్పాలని. రెండూ నిజమయ్యే అవకాశం ఉంది. కానీ కొలవకుండా చెప్పిన ఏ మాటకైనా డబ్బు కట్టేది బండి ఓనరే. రెండు మూడు వందల రూపాయల క్యాప్‌తో పోయేదానికి వేలల్లో బిల్లు పడటం పాత మారుతి 800, జెన్, ఆల్టో, శాంట్రో, అంబాసిడర్ ఉన్నవాళ్లందరికీ తెలిసిన బాధే. ఆ కొలత పని చేసేది కూలింగ్ ప్రెషర్ టెస్టర్ కిట్. పెద్ద బ్రాండ్ పేరేమీ లేకుండా, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో ఇరవై ఎనిమిది ముక్కలతో ఆన్‌లైన్‌లో దొరికే రకం గురించే ఈ రివ్యూ. విశాఖ ఎండకి, ఉప్పు గాలికి, ఇక్కడి ఘాట్ రోడ్లకి పాత కార్లలో వచ్చే జబ్బులు పట్టుకోవడానికి అది ఎంతవరకు పనికొస్తుందో చూద్దాం.

ముందే తేల్చి చెప్పాలంటే: చేతి పంపు, మారుతి సైజు చిన్న మూతి అడాప్టర్, క్యాప్‌ని పరీక్షించే అడాప్టర్. ఈ మూడింటి కోసం కిట్ కొనొచ్చు. మిగతా అడాప్టర్లలో చాలావరకు మన దగ్గర తిరగని కార్లవి. కూలెంట్ నింపే వాక్యూమ్ సాధనం కంప్రెసర్ లేని ఇంట్లో పెట్టెలోనే ఉండిపోతుంది. కిట్‌లో వచ్చే థర్మామీటర్‌ని నమ్ముకోవద్దు.

ఈ పంపు చేసే పని చాలా సూటిగా ఉంటుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ క్యాప్ తీసి, దాని చోట అడాప్టర్ బిగించి, వేడెక్కినప్పుడు లోపల ఉండే ఒత్తిడిని చేత్తోనే తెప్పించడం. వేడి ఇంజన్ మీద ఆవిరి, తిరిగే ఫ్యాను, కాలే పైపుల మధ్య లీకు వెతకడం కష్టం, ప్రమాదం కూడా. చల్లని బండి మీద అదే ఒత్తిడి పెడితే చుక్క ఎక్కడ పడుతుందో టార్చి వేసి తాపీగా చూసుకోవచ్చు.

ఆ ఒత్తిడికి ఎందుకంత ప్రాముఖ్యమో కొంచెం చెప్పాలి. మామూలు నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది. క్యాప్ 0.9 కేజీ ఒత్తిడి నిలబెడితే అదే నీరు 118 డిగ్రీల దాకా మరగదు. సగం సగం కలిపిన కూలెంట్ ఇంకా పైకి వెళ్తుంది. క్యాప్ స్ప్రింగు నీరసపడినా, రబ్బరు వాషరు గట్టిపడినా ఆ రక్షణ పోతుంది. బండిలో ఇంకే లోపమూ లేకపోయినా సింహాచలం కొండ ఎక్కుతుంటే బుడగలు వచ్చి, నీళ్లు రిజర్వ్ డబ్బాలోకి పొంగి, అక్కడి నుంచి రోడ్డు పాలవుతాయి. చూసేవాళ్లకి అది అచ్చం హెడ్ గాస్కెట్ (హెడ్‌కీ ఇంజన్ బ్లాకుకీ మధ్య ఉండే సీలు పొర) పోయినట్టే ఉంటుంది. అందుకే కిట్ రాగానే మొదట పరీక్షించాల్సింది క్యాప్‌ని.

క్యాప్ మీద అంకె రాసి ఉంటుంది. పాత మారుతుల్లో ఎక్కువగా 0.9 కనిపిస్తుంది, కొన్నింటికి 1.1 ఉంటుంది. అది చదరపు సెంటీమీటరుకి కేజీల లెక్క. పంపు గేజి మీద పీఎస్ఐ గీతలు పెద్దవిగా ఉంటాయి కాబట్టి ఈ లెక్క గుర్తుంచుకోండి: 0.9 అంటే సుమారు 13 పీఎస్ఐ, 1.1 అంటే దాదాపు 15.6. అయితే బండి మీద ఇప్పుడున్న క్యాప్ సరైనదేనని అనుకోవద్దు. మధ్యలో ఎవరో చేతికి దొరికింది బిగించి ఉండొచ్చు. మాన్యువల్‌తో సరిచూడండి. 0.9 ఉండాల్సిన బండికి 1.1 పెడితే కూలింగ్ ఏమీ మెరుగుపడదు. పదిహేనేళ్ల ప్లాస్టిక్ ట్యాంకు మీద అనవసరమైన ఒత్తిడి పడుతుంది, అంతే.

క్యాప్‌ని నీళ్లతో తడిపి, అడాప్టర్‌కి ఒక పక్క క్యాప్, ఇంకో పక్క పంపు బిగించి నెమ్మదిగా కొట్టండి. 0.9 క్యాప్ అయితే గేజి 12, 13 దగ్గరకు వచ్చేసరికి సన్నగా గాలి వదిలి అక్కడే నిలబడాలి. 8, 9 దగ్గరే వదిలేస్తుంటే ఆ క్యాప్ చెత్తబుట్టలోకే. 18 దాటినా వదలకపోతే అది ఇంకా ప్రమాదం, వాల్వు బిగుసుకుపోయిందని అర్థం. క్యాప్ కింద మధ్యలో ఉండే చిన్న రేకు బిళ్లని గోరుతో లాగి వదలండి. టక్కున వెనక్కి వచ్చి కూర్చోవాలి. బండి చల్లారాక డబ్బాలోని కూలెంట్‌ని తిరిగి రేడియేటర్‌లోకి రానిచ్చే వాల్వు అదే. తెల్లారి చూస్తే పై హోస్ పైపు పీల్చిన పాలపాకెట్‌లా అతుక్కుపోయి ఉన్నా, డబ్బా నిండుగా ఉండి రేడియేటర్‌లో మట్టం తగ్గినా మొదట ఆ బిళ్లని, డబ్బాకి వెళ్లే సన్న పైపుని చూడండి. ఆ పైపు చివర వెంట్రుకంత పగులు ఉన్నా కూలెంట్‌కి బదులు గాలినే పీల్చుకుంటుంది.

ఇప్పుడు అసలు పరీక్ష. రాత్రంతా ఆగిన బండి అయితే మంచిది. కూలెంట్ మూతి దాకా నింపండి. లోపల గాలి ఎక్కువగా ఉంటే సన్న లీకు ఉన్నా గేజి ముల్లు చాలా నెమ్మదిగా దిగుతుంది, తొందరగా పసిగట్టలేరు. అడాప్టర్ బిగించి, క్యాప్ మీద ఎంత రాసి ఉందో అంతవరకే కొట్టండి. "ఇంకొంచెం కొడితే లీకు త్వరగా దొరుకుతుంది కదా" అనిపిస్తుంది. అలా చేస్తే పాత ట్యాంకు మడతలో కొత్త లీకు మీరే తెచ్చిపెట్టినట్టవుతుంది. పదిహేను నిమిషాలు వదిలేయండి. ముల్లు కదలకపోతే బయటి లీకులు లేవని చాలావరకు నమ్మొచ్చు.

ఒక జాగ్రత్త మాత్రం మన ఊళ్లో తప్పనిసరి. ఈ పరీక్ష నీడలో చేయండి. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఎనిమిదికే ఎండ చురుక్కుమంటుంది. ఆ ఎండ రేడియేటర్ మీద పడితే లోపలి ద్రవం, గాలి వ్యాకోచించి ముల్లు పైకి జరుగుతుంది. అటు సన్న లీకుతో ఒత్తిడి తగ్గుతూ, ఇటు ఎండతో పెరుగుతూ ఉంటే రెండూ సరిపోయి ముల్లు కదలనట్టే కనిపిస్తుంది. లీకున్న బండికి "అంతా బాగుంది" అని తీర్పు ఇచ్చేస్తారు.

ముల్లు దిగుతోందనుకుందాం. ఇక్కడే ఈ చవక కిట్ అసలు లోపం బయటపడుతుంది. చాలాసార్లు లీకయ్యేది బండి కాదు, కిట్టే. అడాప్టర్ లోపలి రబ్బరు వాషరు పలుచన, హోస్ చివరి క్విక్ కప్లర్ వదులు. బండిని అనుమానించే ముందు కప్లర్ మీద, అడాప్టర్ అంచు చుట్టూ సబ్బునీళ్లు రాయండి. పెసరగింజంత బుడగ ఊరి పగిలి, మళ్లీ అదే చోట ఊరుతుంటే లీకు అక్కడే. వాషరుని కొంచెం మందమైన రబ్బరుతో మార్చి, సిలికాన్ గ్రీజు పలుచగా రాస్తే కుదురుతుంది. మామూలు బేరింగ్ గ్రీజు రాయొద్దు, రబ్బరు ఉబ్బిపోతుంది. కిట్ కొనగానే ముందు మంచి కొత్త క్యాప్ మీద దాన్నే పరీక్షించుకోవాలి. 10 పీఎస్ఐ కొట్టి పది నిమిషాలు చూడండి. అక్కడ ముల్లు నిలబడకపోతే వెనక్కి పంపేయండి. గేజి తప్పు చూపిస్తోందేమోనని అనుమానం వస్తే రెండు కొత్త ఒరిజినల్ 0.9 క్యాప్‌లు బిగించి చూడండి. రెండూ ఒకే అంకె దగ్గర వదిలి, ఆ అంకె 13కి చాలా దూరంగా ఉంటే తప్పు గేజిది.

కిట్ బాగానే ఉండి ముల్లు దిగుతుంటే చూడాల్సిన చోట్లు కొన్ని ఉన్నాయి. పై హోస్, కింది హోస్ క్లిప్పుల దగ్గర చూడండి. స్క్రూ క్లిప్పుని అతిగా బిగించి ఉంటే రబ్బరు తెగి, ఆ గాటు లోంచి చెమట పట్టినట్టు కారుతుంది. అల్యూమినియం రేడియేటర్లలో ప్లాస్టిక్ ట్యాంకుని కోర్‌కి పట్టి ఉంచే మడత వెంట వేలు పెట్టి చూడండి, తడి తెలుస్తుంది. ట్యాంకు నలుపు పోయి గోధుమ రంగుకి తిరిగి ఉంటే, ఇవాళ లీకు లేకపోయినా దాని రోజులు దగ్గర పడ్డాయి. ఆ తర్వాత వాటర్ పంపు. దాని కింద చిన్న రంధ్రం ఉంటుంది. లోపలి సీలు పోయినప్పుడు కూలెంట్ బయటికి రావడానికే దాన్ని వదిలారు. అద్దం, టార్చి పెట్టి చూస్తే ఆ రంధ్రం కింద పచ్చగానో తెల్లగానో ఎండిన చార కనిపిస్తుంది. ఒత్తిడి పెట్టినప్పుడు అక్కడ చుక్క నిలబడితే పంపు మార్చాల్సిందే. ఆ రంధ్రాన్ని ఎంసీల్‌తో మూసిన బండ్లు కూడా ఉంటాయి. దయచేసి అలా చేయకండి. సీలు దాటిన నీరు బేరింగ్‌లోకి వెళ్లి, ఒకరోజు పుల్లీ ఊడి వస్తుంది.

బయట ఎక్కడా తడి లేదు, అయినా ముల్లు దిగుతోంది. అప్పుడు హీటర్ ఉన్న బండ్లలో డ్యాష్‌బోర్డ్ కిందికి వంగి, ఎడమ సీటు ముందున్న కార్పెట్ పైకెత్తి చూడండి. తడిగా, జిగటగా, తీయటి వాసనతో ఉంటే హీటర్ కోర్ (డ్యాష్‌బోర్డ్ లోపలి చిన్న రేడియేటర్) లీకు. మన ఊళ్లో ఏడాదంతా హీటర్ ముట్టుకునేవాళ్లు ఉండరు. అందుకే దాని వాల్వు బిగుసుకుని, కోర్ నిండా బురద చేరి, అది ఎవరి చూపుకీ ఆనకుండా లోలోపలే తినేస్తుంది. నెలకోసారైనా ఐదు నిమిషాలు హీటర్ వేసి తిప్పడం ఆ కోర్‌కి చాలా మేలు.

అక్కడా తడి లేకపోతే మిగిలింది ఇంజన్ లోపల. ఒత్తిడి అలాగే ఉంచి స్పార్క్ ప్లగ్గులు విప్పండి. ఒక ప్లగ్గు తడిగా వచ్చినా, మిగతావి నల్లగా ఉండి ఒక్కటే ఆవిరితో కడిగినట్టు శుభ్రంగా ఉన్నా ఆ సిలిండర్ దగ్గరే అనుమానం. ఆయిల్ మూత కింద మీగడలాంటి తెలుపు కనబడగానే గాస్కెట్ పోయిందని నిర్ణయించుకోవద్దు. వానాకాలంలో రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే బండిలో తేమ వల్ల కూడా అలా పడుతుంది. డిప్‌స్టిక్ మీది ఆయిలే పాలటీ రంగులో ఉంటే అది వేరే సంగతి.

గాస్కెట్ తేల్చుకోవడానికి ఇదే పంపుతో ఇంకో పరీక్ష ఉంది. చల్లని ఇంజన్‌కి పంపు బిగించి 5, 6 పీఎస్ఐ మాత్రమే పెట్టి స్టార్ట్ చేయండి. ఇంజన్ ఇంకా వేడెక్కకుండానే, మొదటి నిమిషంలోనే ముల్లు గబగబా ఎగబాకినా, ఐడిలింగ్‌కి తగ్గట్టు వణికినా సిలిండర్ గ్యాసు కూలెంట్‌లోకి వస్తోందని అర్థం. వెంటనే ఇంజన్ ఆపి, పంపుకున్న వదిలే మీట నొక్కండి. ముల్లు క్యాప్ అంకె దాటే దాకా ఆగొద్దు. దీనికి తోడుగా బ్లాక్ టెస్టర్ అనే గాజు గొట్టం, నీలి ద్రవం విడిగా దొరుకుతాయి, అది కూడా కొనదగ్గ వస్తువే. రేడియేటర్ మట్టాన్ని రెండంగుళాలు దించి, మూతి మీద గొట్టం ఆనించి, ఇంజన్ వేడి మీద రెండు నిమిషాలు బల్బుతో పైగాలిని పీల్చాలి. పెట్రోలు బండిలో కాలిన గ్యాసు కలుస్తుంటే నీలం పసుపుకి తిరుగుతుంది. ద్రవం పని చేస్తోందా అని అనుమానం ఉంటే సైలెన్సర్ దగ్గర ఒకసారి పీల్చి చూడండి, అక్కడ పసుపు రావాలి. గొట్టంలోకి కూలెంట్ చుక్క వెళ్లిందా, ఆ ద్రవం ఇక పనికిరాదు. ఈ రెండు పరీక్షలూ ఒకే మాట చెప్పినప్పుడే హెడ్ దించడానికి ఒప్పుకోండి. దించాక గాస్కెట్ మార్చి మూసేయనివ్వొద్దు. స్ట్రెయిట్ ఎడ్జ్, ఫీలర్ గేజ్ పెట్టి హెడ్ వంపు కొలిపించండి. పాత సుజుకి ఇంజన్లలో 0.05 మిల్లీమీటర్లు దాటితే ఫేసింగ్ (హెడ్ అడుగుని మెషిన్ మీద చదును చేయడం) చేయించాలి.

కిట్ పరిధి ఇక్కడితో అయిపోతుంది. ఒత్తిడి నిలబడింది, గాస్కెట్ బాగుంది, అయినా బండి హీటెక్కుతోందంటే అది లీకు జబ్బు కాదు, గాలి జబ్బో ప్రవాహం జబ్బో అవుతుంది. దాన్ని ఈ పెట్టె పట్టుకోలేదు. ఏ జబ్బో చెప్పేది బండి ఎక్కడ హీటెక్కుతోందన్నదే.

ఎన్ఏడీ జంక్షన్‌లోనో, గాజువాక ట్రాఫిక్‌లోనో, మద్దిలపాలెం సిగ్నల్ దగ్గరో నిలబడితే ముల్లు లేచి, హైవే ఎక్కి ఆనందపురం వైపు అరవై మీద పోతుంటే దిగిపోతోందా? అది గాలి సమస్య. ఫ్యాను తిరగడం లేదు, లేదా రేడియేటర్ ట్యూబుల మధ్య ఉండే పలుచని రేకులు (ఫిన్స్) మూసుకుపోయాయి, లేదా ఫ్యాను చుట్టూ ఉండే ప్లాస్టిక్ ష్రౌడ్‌ని ఎవరో తీసి పారేశారు. థర్మో స్విచ్చుతో నడిచే పాత ఫ్యానుకైతే ఇగ్నిషన్ ఆన్ చేసి, స్విచ్చు కనెక్టర్ ఊడదీసి, దాని రెండు వైర్లని చిన్న వైరుతో కలపండి. ఫ్యాను తిరిగితే మోటారు, ఫ్యూజు, రిలే బాగున్నట్టు, స్విచ్చు పోయినట్టు. తిరగకపోతే మోటారుకి బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇచ్చి చూడాలి. చేతులు, వైర్లు రెక్కలకి దూరంగా ఉంచండి. ఎంపీఎఫ్ఐ (కార్బ్యురేటర్ లేని ఇంజెక్షన్) బండ్లలో చాలావరకు ఫ్యానుని ఈసీఎం అనే ఇంజన్ కంప్యూటర్ నడుపుతుంది కాబట్టి సెన్సర్ వైర్లని ఇలా కలపకూడదు.

ఫిన్స్ సంగతి విశాఖలో ప్రత్యేకంగా చూడాలి. బీచ్ రోడ్డు, లాసన్స్ బే, పెదవాల్తేరు వైపు రాత్రిళ్లు బయట ఆగే బండ్లకి ఉప్పు గాలి అల్యూమినియం ఫిన్స్‌ని తినేస్తుంది. చూడటానికి ఫిన్స్ ఉన్నట్టే ఉంటాయి. గోరుతో తాకితే బూడిదలా తెల్లగా రాలిపోతాయి. ట్యూబుకి అతుక్కుని లేని ఫిన్ వేడిని లాగలేదు. ప్రెషర్ టెస్టులో ఈ రేడియేటర్ చక్కగా పాసవుతుంది, ఎందుకంటే ట్యూబుల్లో చిల్లు లేదు. కానీ పని మాత్రం సగమే చేస్తుంది. ఇలాంటప్పుడు రేడియేటర్ మార్చమన్న మెకానిక్ మాట నూటికి నూరుపాళ్లు నిజం. పోర్టు, మల్కాపురం వైపు తిరిగే బండ్లలో దుమ్ము, జిడ్డు కలిసి ఏసీ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందులో దుప్పటిలా పేరుకుంటుంది. ముందు నుంచి నీళ్లు కొడితే అది ఇంకా లోపలికి దిగుతుంది. ఇంజన్ వైపు నుంచి బయటికి, తక్కువ ఒత్తిడితో కొట్టాలి. వాటర్ సర్వీసింగ్ గన్ దగ్గరగా పెడితే ఫిన్స్ వంగిపోయి సందులే మూసుకుపోతాయి.

ఏసీ వేస్తేనే హీటెక్కే బండ్లు ఇక్కడ ఎక్కువ కావడానికి ఇంకో కారణం ఉంది. మన గాలిలో తేమ ఎక్కువ. ఆ తేమని నీళ్లుగా మార్చి బండి కింద కార్చడానికి కూడా ఏసీ శక్తి ఖర్చు పెట్టాలి. ఆ వేడంతా కండెన్సర్ మీదుగా వచ్చి దాని వెనకున్న రేడియేటర్ మీదే పడుతుంది. థర్మామీటర్‌లో అంకె ఒకటే అయినా పొడి ఊళ్లో ఆగిన బండికంటే విశాఖలో ఆగిన బండికి పని ఎక్కువ.

దీనికి తలకిందులుగా, ఊళ్లో బాగుండి అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటేనో, లాంగ్ రూట్‌లో ఎనభై దాటితేనో హీటెక్కితే అది ప్రవాహం సమస్య. రేడియేటర్ ట్యూబులు లోపల పూడిపోయి ఉంటాయి, థర్మోస్టాట్ (కూలెంట్ వేడెక్కాక రేడియేటర్‌కి దారి తెరిచే వాల్వు) సగమే తెరుచుకుంటుంది, వాటర్ పంపు రెక్కలు తుప్పుకి అరిగిపోయి ఉంటాయి, లేదా కింది హోస్ స్పీడులో లోపలికి నొక్కుకుపోతుంది. బెల్టు జారినా ఇంతే. పుల్లీల మధ్య బెల్టుని పది కేజీల బలంతో నొక్కితే సుమారు 6 నుంచి 9 మిల్లీమీటర్లు దిగాలి. కార్బ్యురేటర్ బండ్లలో ఇగ్నిషన్ టైమింగ్ వెనకబడినా ఎత్తు మీద వేడి పెరుగుతుంది. బ్రేకులు పట్టేసి ఉండటాన్ని కూడా చాలామంది పట్టించుకోరు.

ఇక్కడ కిట్ కంటే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ గన్ ఎక్కువ ఉపయోగం. మెరిసే అల్యూమినియం మీద అది తక్కువ చూపిస్తుంది కాబట్టి థర్మోస్టాట్ హౌసింగ్ మీద నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి దాని మీద గురిపెట్టండి. డ్యాష్‌బోర్డ్ ముల్లు ఎరుపులో ఉండి, ఇక్కడ 90 చుట్టూ ఉంటే పోయింది గేజో, దానికి వేడి సమాచారం పంపే సెండరో, ఇంజన్ కాదు. తర్వాత రేడియేటర్ మీద అడ్డంగా, నిలువుగా నెమ్మదిగా తిప్పండి. చుట్టూ వేడిగా ఉండి మధ్యలో ఒక పట్టీ మాత్రం చల్లగా ఉంటే ఆ ట్యూబులు పూడుకుపోయినట్టే. ఇత్తడి, రాగి రేడియేటర్ అయితే ట్యాంకు విప్పించి రాడింగ్ (ట్యూబుల్లోకి సన్న కడ్డీ దూర్చి శుభ్రం చేయడం) చేయించొచ్చు. అల్యూమినియంకి ఆ దారి లేదు, కొత్తదే.

థర్మోస్టాట్‌కి గిన్నె, నీళ్లు, స్టవ్ చాలు. దారంతో గిన్నె అడుగు తగలకుండా వేలాడదీసి వేడి చేయండి. మీద 82 అని ఉంటే ఆ చుట్టుపక్కల తెరుచుకోవడం మొదలై, 95కి వచ్చేసరికి సుజుకి వాల్వు 8 మిల్లీమీటర్లకి మించి తెరుచుకోవాలి. బిగించేటప్పుడు దాని చిన్న గాలి పిన్ను పైవైపు ఉండాలి. "మన ఊరు వేడి ఊరు, థర్మోస్టాట్ తీసేస్తే బండి చల్లగా ఉంటుంది" అన్న మాట మీద దాన్ని పీకేసిన బండ్లు లెక్కలేనన్ని. బైపాస్ దారిని మూసే పని కూడా థర్మోస్టాటే చేసే ఇంజన్లలో దాన్ని తీసేస్తే వేడి నీరు రేడియేటర్‌కి వెళ్లకుండా దగ్గరి దారిన ఇంజన్‌లోకే తిరిగొస్తుంది, ఘాట్ మీద హీటు ఇంకా పెరుగుతుంది. అలాంటి బైపాస్ లేని ఇంజన్ చల్లగానే ఉన్నా పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఆయిల్ పాడవుతుంది. మూడు నాలుగు వందల వస్తువు అది. తీయడం కాదు, మార్చడమే మందు.

కూలెంట్ గురించి ఒక్క లెక్క మాత్రం విడమరిచి చెప్పాలి, దాదాపు అందరూ ఇక్కడే పొరపడతారు. మంచినీళ్లతో ఫ్లష్ చేసి రేడియేటర్ డ్రెయిన్ విప్పితే నీరంతా రాదు. బ్లాకులో, హీటర్‌లో చాలా మిగిలిపోతుంది. మొత్తం 4 లీటర్లు పట్టే బండిలో లీటరున్నర లోపలే ఉండిపోయిందనుకోండి. మీరు పోయగలిగింది రెండున్నర లీటర్లు. ముప్పై శాతం కూలెంట్ ముందే నీళ్లలో కలిపిన రెడీమిక్స్ పోస్తే లోపల తేలేది పందొమ్మిది శాతమే, తుప్పు ఆపడానికి అది చాలదు. అందుకే ఫ్లష్ తర్వాత నీళ్లు కలపని కాన్సంట్రేట్ కొనండి. 4 లీటర్ల బండికి నలభై శాతం కావాలంటే ముందు 1.6 లీటర్ల కాన్సంట్రేట్ పోసి, తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో నింపండి. మన దగ్గర గడ్డకట్టే చలి లేదు. కంపెనీ వేరేగా చెప్పకపోతే సగం కంటే ఎక్కువ పోయడం వృథా. కూలెంట్‌లోని గ్లైకాల్ పెరిగేకొద్దీ ద్రవం వేడి మోసే శక్తి తగ్గుతుంది. రంగు చూసి కొనొద్దు, రంగుకి ప్రమాణం లేదు. డబ్బా మీద ఐఎస్ 5759 గానీ, జేఐఎస్ కె 2234 గానీ ఉందా చూడండి. ఇత్తడి, సోల్డర్ ఉన్న పాత రేడియేటర్లకి పాతకాలపు సిలికేట్ రకం నప్పుతుంది. దాన్నీ ఓఏటీ (సేంద్రియ ఆమ్లాల) రకాన్నీ కలపకండి. సముద్రం వైపు కాలనీల బోరు నీళ్లు అత్యవసరానికి తప్ప వద్దు. ఉప్పు అల్యూమినియాన్ని తింటుంది, సున్నం ట్యూబుల్లో పేరుకుంటుంది. లీకు ఆపడానికి పసుపు పోయడం కూడా అలాంటిదే. చిల్లుతో పాటు సన్న ట్యూబులూ, హీటర్ కోరూ మూసుకుపోతాయి. ఇంకో ముఖ్యమైన మాట. పారబోసిన కూలెంట్ తీయగా ఉంటుంది, విషం. కుక్కలు నాకుతాయి, పిల్లలు ముట్టుకుంటారు. నేల మీద వదలకుండా డబ్బాలో పట్టి మూత పెట్టండి.

కిట్‌లో వచ్చే వాక్యూమ్ ఫిల్లర్ గాలి తాళం (కూలెంట్ దారిలో గాలి చిక్కుకోవడం) రాకుండా నింపడానికి నిజంగా మంచి సాధనమే. కంప్రెసర్ గాలితో లోపలి గాలిని లాగేసి, ఆ శూన్యంలోకి కూలెంట్‌ని పీలుస్తుంది. లాగేటప్పుడు హోస్‌లు అతుక్కుపోతాయి, భయపడక్కర్లేదు. రెండు నిమిషాలు ముల్లు నిలబడితే లీకు లేదని రెండో సాక్ష్యం కూడా దొరికినట్టే. కంప్రెసర్ లేకపోతే ముందు చక్రాలు కొంచెం ఎత్తు మీద ఉంచి, హీటర్ ఫుల్ వేడి మీద పెట్టి, క్యాప్ తీసి, చల్లని ఇంజన్ స్టార్ట్ చేసి, పై హోస్‌ని పిసుకుతూ థర్మోస్టాట్ తెరుచుకునే దాకా నింపుతూ ఉండండి. బుడగలు ఆగాక క్యాప్ పెట్టండి. మర్నాడు చల్లగా ఉన్నప్పుడు మట్టం మళ్లీ చూడాలి, ఎక్కువసార్లు కొంత దిగుతుంది.

అడాప్టర్ల విషయానికొస్తే, పాత మారుతుల చిన్న మూతికి సరిపోయేది దాదాపు ప్రతి కిట్‌లో ఉంటుంది. పెద్ద మూతి పాత బండ్లకి రబ్బరు ఉబ్బే యూనివర్సల్ అడాప్టర్ వాడుకోవాలి. అది ఎక్కువ ఒత్తిడికి జారిపోతుంది కాబట్టి నెమ్మదిగా కొట్టాలి. ఫోర్డ్ ఐకాన్‌లాగా ట్యాంకు మీదే మర తిప్పి బిగించే (థ్రెడ్) క్యాప్ ఉండే బండి మీదైతే కొనేముందు ఆ మరకి సరిపోయే అడాప్టర్ జాబితాలో ఉందో లేదో అడిగి తెలుసుకోండి. వాడిన ప్రతిసారీ పంపునీ, అడాప్టర్లనీ మంచినీళ్లతో కడిగి, తుడిచి, పూర్తిగా ఆరాకే పెట్టె మూయండి. ఈ ఊరి గాలికి పెట్టెలో ఉన్నా స్టీలు భాగాలు తుప్పు పడతాయి, కూలెంట్ జిగురుకి కప్లర్ పట్టేస్తుంది.

ఒక్క బండి ఉండి, దానికి చిన్న ఇబ్బంది మాత్రమే ఉంటే ముందు కొత్త ఒరిజినల్ క్యాప్, థర్మోస్టాట్, అవసరమైతే హోస్‌లు మార్చి చూడండి, కిట్ దాకా వెళ్లక్కర్లేదు. రెండు మూడు పాత కార్లు ఉన్న ఇంటికి, అపార్ట్‌మెంట్‌లో నలుగురు కలిసి కొనుక్కునేవాళ్లకి, చిన్న గ్యారేజీకి ఇది తప్పకుండా తగిన ఖర్చు. సొంతంగా చేసే ఓపిక లేనివాళ్లు గాజువాక ఆటోనగర్‌కి వెళ్లినా, ఇంటి దగ్గరి మెకానిక్ దగ్గరికి వెళ్లినా పని మొదలుపెట్టే ముందు ఒక ప్రశ్న అడగండి: "ప్రెషర్ టెస్ట్ చేస్తారా, గేజి నాకు చూపిస్తారా?" చూపించేవాళ్లకే బండి తాళం ఇవ్వండి.